నడినెత్తిన శుక్రుడు

లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా ఒక చెయ్యి అడ్డుపడింది.

"సారీ సార్," అంటూ బూడిదరంగు కోటు మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. అతని చేతిలో మడిచిన గొడుగు ఉంది.

లోపల నిలబడి ఉన్న ముసలాయన కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. ఇప్పుడు పనిచేస్తున్న సీక్రెట్ ఏజెంట్లలో సగం మందికి నడక నేర్పింది ఆయనే. ఎవరి వెనకాలైనా వాళ్ళ చెవిన పడకుండా నడిచే నడక. కొన్నాళ్ళుగా ఆయన నక్షత్రాల షోలు వేసే ఈ ప్లానెటేరియం భవనంలో తాళాలు బాగుచేసే మనిషిగా తిరుగుతున్నాడు. వెతుకుతున్నది ఇవాళ దొరికింది. ఆ సంగతి చీఫ్‌కి ఫోన్ చేసి చెప్పడానికే కిందికి దిగుతున్నాడు.

లిఫ్ట్ ఒక్కసారి కుదిపింది. మాస్టారికి మోచేతి పైన చీమ కుట్టినట్టయింది.

కింద తలుపులు తెరుచుకున్నాయి. కోటు మనిషి ముందు దిగి, "జాగ్రత్త సార్, గడప ఎత్తుగా ఉంది," అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు.

మాస్టారికి అప్పుడు అర్థమైంది. కాళ్ళు అప్పటికే మొద్దుబారుతున్నాయి. హాలు అవతలి చివరున్న టెలిఫోన్ బూత్ వరకూ గోడ పట్టుకుని నడిచాడు. నంబర్ తిప్పేసరికి వేళ్ళు మాట వినడం మానేశాయి.

"చీఫ్... దర్జీ వచ్చేశాడు. రేపు సాయంత్రం షో... ఇంజనీరమ్మ కోసం. లోపలివాడు ఒకడు..."

"ఎవడు? మాస్టారూ! ఎవడు?"

రిసీవర్ తీగకి వేలాడుతూ ఊగింది. చాలాసేపటి వరకూ అందులోంచి చీఫ్ గొంతు పిలుస్తూనే ఉంది.

*

"కూర్చో," అన్నాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ కూర్చోలేదు. అతని కోడ్ నేమ్ 'మేనల్లుడు'. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ మిషన్‌కి పంపినా ఎవరో ఒకరి మేనల్లుడి వేషమే అతనికి కుదిరేది. నలభై దాటినా ఆ పేరు అతన్ని వదల్లేదు. నిజానికి అతనికి అత్తలూ లేరు, మామలూ లేరు. ఉన్న ఒక్క దిక్కూ మాస్టారే.

"మాస్టారు ఇంకేం చెప్పలేదా సార్?"

"చెప్పేలోపే పోయారు. మనకి తెలిసింది ఇంతే. సముద్రం అడుగున మన జలాంతర్గాములతో మాట్లాడే సంకేతయంత్రం ఉంది కదా, దాన్ని తయారుచేసిన ఇంజనీరమ్మని ఎత్తుకుపోవడానికి విదేశీ ముఠా ఒకటి దిగింది. ఆ యంత్రం గుట్టు మొత్తం ఆవిడ బుర్రలోనే ఉంది. ముఠాకి నాయకుడు దర్జీ. సూదితో పని కానిస్తాడు కాబట్టి ఆ పేరు. వాడికి కొలతలిచ్చిన వాళ్ళెవరూ బతికి లేరు. అందుకే వాడి మొహం ఎలా ఉంటుందో మనకి తెలీదు."

"రేపటి షో ఆపేయండి."

"ఆపితే దర్జీ జారుకుంటాడు. వాడికి కబురందించిన లోపలివాడు మనలోనే మిగిలిపోతాడు. రెండోసారి మనల్ని హెచ్చరించడానికి మాస్టారు లేరు." చీఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడే ఆపొద్దన్నారు. ఎరగా వెళ్తానన్నారు."

"ఆవిడతోపాటు బస్సులో ఆవిడ ఉండే కాంపౌండ్ స్టాఫ్, వాళ్ళ పిల్లలు కూడా వస్తున్నారు సార్."

"అందుకే నిన్ను పంపిస్తున్నాను."

చీఫ్ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాడు. మొదటిది చేతి గడియారం. అందులో రేడియో ఉంది. పక్కనే ఉన్న అబ్జర్వేటరీలో, టెలిస్కోప్ చూడటానికి వచ్చిన జనంలా మన మనుషులు క్యూలో ఉంటారు, మీట నొక్కితే పరుగున వస్తారు. రెండోది కంటికి వేసుకునే కట్టు. వెలుతురులోంచి చీకట్లోకి వెళ్తే ఎవరికైనా కొంతసేపు ఏమీ కనపడదు. కట్టు కింద దాచిన కన్ను మాత్రం ముందే చీకటికి అలవాటుపడి ఉంటుంది.

మూడోది నల్లటి ఫౌంటెన్ పెన్.

"క్లిప్ నొక్కితే పేలుతుంది. ఒక్కటే తూటా."

"దర్జీకా సార్?"

చీఫ్ జవాబివ్వడానికి కిటికీ వైపు తిరిగాడు. "కాదు. ఆవిడ ప్రాణంతో వాళ్ళ చేతికి చిక్కకూడదు. ఇంకే దారీ లేదనిపించిన క్షణంలో..."

"ఇదెవరి ఆర్డర్ సార్?"

"రూల్. ఆ రూల్ కింద సంతకం ఎప్పుడో పడింది." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సంగతి. ప్లానెటేరియంలో నక్షత్రాల గురించి చెప్పే అమ్మాయి మన మనిషే. కోడ్ నేమ్ వేగుచుక్క. ఏడాదిగా దర్జీ ముఠాలో కూడా పనిచేస్తోంది."

"డబుల్ ఏజెంటా? అసలు ఎవరి మనిషి?"

"మొన్నటిదాకా మన మనిషే. నిన్నటినుంచి ఉలుకూ పలుకూ లేదు. షోలో 'నక్షత్రాలు' అంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. 'చుక్కలు' అందంటే ప్రమాదం. అంతకుమించి సంకేతాలేం అనుకోలేదు."

మేనల్లుడు పెన్ను తీసి జేబుకి పెట్టుకున్నాడు. అది మామూలు పెన్నుకంటే బరువేమీ లేదు.

*

"కంటికేమైందిరా అల్లుడూ?" అంది ఇంజనీరమ్మ, బస్సు ఎక్కిన అతనికి పక్క సీటు చూపిస్తూ.

"ఆపరేషన్ అత్తయ్యా."

"మంచిదే. టెలిస్కోప్‌కి ఒక్క కన్ను చాలు."

బస్సంతా నవ్వింది. ఆవిడకి అరవై ఉంటాయి. మెళ్ళో బైనాక్యులర్స్, ఒళ్ళో ఉన్నిశాలువా, కాళ్ళకి మగవాళ్ళు వేసుకునే బూట్లు. అతన్ని కలిసి పది నిమిషాలు కాలేదు. పుట్టినప్పట్నుంచీ ఎత్తుకు పెంచినట్టే మాట్లాడుతోంది.

వెనక సీటులోంచి టైపిస్టు భార్య తల ముందుకు పెట్టింది. "మీకింత పెద్ద మేనల్లుడున్నాడని ఎప్పుడూ చెప్పలేదే?"

"చెబితే మీరు సంబంధాలు తెస్తారుగా. అందుకే దాచాను."

మళ్ళీ నవ్వులు. కాంపౌండ్ సెక్యూరిటీ ఆఫీసర్ సీట్ల మధ్య నడుస్తూ, దువ్విన మీసాల కింద పెదాలు కదుపుతూ, తలలు లెక్కపెడుతున్నాడు. పిల్లలు అతన్ని మీసాలమామయ్య అని పిలుస్తున్నారు. ఒకడికి కిటికీ మూశాడు, ఇంకొకడికి బూటు లేసు కట్టాడు. ఇంజనీరమ్మ దగ్గర ఆగి, "శాలువా కప్పుకోండక్కయ్యా, కొండమీద చలి," అన్నాడు.

"ఈ తమ్ముడు ఒప్పుకోకపోతే నాకు గాలి కూడా ఆడదు. అనుమతి లేకుండా కిటికీ తెరవనివ్వడు మరి," అంది ఆవిడ.

బస్సు కొండ మలుపులెక్కుతోంది. మేనల్లుడు కనపడే కంటితో ప్రతి మొహాన్నీ చూశాడు. గుమాస్తాలు, టెక్నీషియన్లు, వాళ్ళ భార్యలు, ఒళ్ళో నిద్రపోతున్న పసివాళ్ళు. వీళ్ళలో ఎవరు? అందరూ అనుమానంగానే కనిపించారు, అందరూ అమాయకంగానే కనిపించారు.

"ఏళ్ళయిందిరా గేటు దాటి," అంది ఇంజనీరమ్మ మెల్లగా. "డాబా మీద పడుకుని ఈ బైనాక్యులర్స్‌తో ఆకాశమంతా చూసేశాను. శని చుట్టూ వలయం మాత్రం దీనికి అందదు. అది పెద్ద టెలిస్కోప్‌లో చూడాలి. ఇవాళ షో అయ్యాక చూపిస్తారట. అది చూశాక నాకేమైనా పర్వాలేదు."

"అలా అనకండి అత్తయ్యా."

"ఏం? వేషానికొచ్చినవాడివి, నీకంత బాధెందుకు?" అంది ఆవిడ, అతనికి మాత్రమే వినపడేలా. ఆమె కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

జేబులో పెన్ను గుండెకి ఒరుసుకుంటోంది. ఈ మనిషిని నేను కాల్చాలా? అనుకున్నాడు మేనల్లుడు. మాస్టారు ఎన్నో నేర్పారు. ఇది మాత్రం నేర్పలేదు.

*

ప్లానెటేరియం ముందుగదిలో ముదురునీలం సిల్కు గౌనులో ఒక అమ్మాయి అందరికీ స్వాగతం చెబుతోంది. మెడ మీద చిన్న పుట్టుమచ్చ, పెదాల మీద తీర్చిదిద్దిన చిరునవ్వు. టెక్నీషియన్లంతా ఒక్కసారిగా జుట్టు సవరించుకున్నారు.

మేనల్లుడు దగ్గరికెళ్ళి పాస్‌వర్డ్ అన్నాడు. "ఇవాళ తోకచుక్క కనిపిస్తుందా మేడమ్?"

"తల ఎక్కడుందో తెలిస్తే తోక చూపిస్తాను సార్," అంది వేగుచుక్క.

జవాబు సరిగ్గానే ఉంది. కానీ ఆమె అతని కళ్ళలోకి చూడలేదు. అతని భుజం మీదుగా వెనక్కి చూసింది. అతను తిరిగేసరికి అక్కడ జనం తప్ప ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె కంట్రోల్ రూమ్ తలుపు దగ్గరుంది. లోపలినుంచి ఎవరిదో చెయ్యి ఆ తలుపు మూసింది.

హాలు గుండ్రంగా ఉంది. పైన బోర్లించిన గిన్నెలా తెల్లటి గుమ్మటం. అది సన్నని చిల్లులున్న లోహపు రేకులతో చేసింది. సీట్లన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. మేనల్లుడు కూర్చుని గడియారం మీట నొక్కి చూశాడు.

గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. అదే గరగర.

లోహపు గుమ్మటం రేడియోని మింగేసింది. కూతవేటు దూరంలో ఉన్న మనుషులు ఇప్పుడు లేనట్టే.

లేవబోయాడు. అంతలో తలుపులు మూసుకున్నాయి, బయట గడియ పడిన చప్పుడైంది. దీపాలు మెల్లగా తగ్గి ఆరిపోయాయి. పిల్లలు "ఓ..." అని అరిచారు.

గుమ్మటం నిండా ఆకాశం విచ్చుకుంది.

"స్వాగతం," అంది వేగుచుక్క గొంతు, స్పీకర్లలోంచి. "ఊరి దీపాలు లేకపోతే మనకి ఎన్ని... ఎన్ని చుక్కలు కనిపిస్తాయో చూడండి."

చుక్కలు.

ప్రమాదం. సరే, ఎక్కడ? ఎటునుంచి? మేనల్లుడు కట్టు పైకి జరిపాడు. దాచిన కంటికి హాలంతా బూడిదరంగులో స్పష్టంగా కనిపించింది. తలుపుల దగ్గర ఎవరూ లేరు. సీట్ల మధ్య ఎవరూ నక్కి లేరు. అందరూ తలలు పైకెత్తి ఉన్నారు.

గొంతు సాఫీగా సాగుతోంది. గ్రహాల గురించి చెప్పింది. గురుడు, కుజుడు. తర్వాత, "అన్నిటికంటే అందమైనది శుక్రగ్రహం," అంది. "నడిరాత్రి మీరు తలెత్తి చూస్తే శుక్రుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మర్చిపోకండి, నడినెత్తిన."

పక్కనుంచి ఇంజనీరమ్మ చిరాగ్గా గొణిగింది. "ఏం చెబుతోందీ పిల్ల? శుక్రుడు నడిరాత్రి నడినెత్తికి చస్తే రాడు. పొద్దుగూకాక పడమటో, తెల్లారబోయే ముందు తూర్పునో, అంతే. ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు."

"ఏమన్నారు?"

"తప్పు చెబుతోందిరా."

"తెలియక చెబుతోందా?"

ఇంజనీరమ్మ సంకేతాలు తయారుచేసే మనిషి. చీకట్లో ఆమె చెయ్యి అతని మణికట్టుని పట్టుకుంది.

"తెలిసే చెబుతోంది. పక్కన ఎవడో ఉన్నాడు, వాడికి ఆకాశం సంగతి తెలీదు. నడినెత్తిన ఏదో ఉందని మనకి చెబుతోంది."

ఇద్దరూ పైకి చూశారు. చుక్కల నడుమ, గుమ్మటం కొననున్న రేకు వెనక, ఒక నీడ కదిలింది. దాచిన కన్ను కాబట్టి అతనికి కనిపించింది.

"కాసేపట్లో తెల్లవారుతుంది," అంది వేగుచుక్క. గొంతు మొదటిసారి వణికింది. "పిల్లలూ, సూర్యుడు పడమట ఉదయిస్తాడు. పడమటి వైపు చూస్తూ ఉండండి. అప్పటికి మీరంతా హాయిగా నిద్రపోతుంటారు."

పిల్లలు ఘొల్లున నవ్వారు. "పడమటంట! పడమటంట!"

మేనల్లుడు నవ్వలేదు. గుమ్మటం పైనుంచి నిద్రపుచ్చే గ్యాస్. తెల్లవారే దృశ్యం రాగానే వదులుతారు. అందరూ పడిపోయాక పడమటి తలుపులోంచి వచ్చి ఇంజనీరమ్మని ఎత్తుకుపోతారు. పెద్దవాళ్ళని పడగొట్టే మోతాదు ఒళ్ళో నిద్రపోతున్న పసివాళ్ళని మళ్ళీ లేవనివ్వదు.

అరిస్తే? తలుపులు బయట గడియ పెట్టి ఉన్నాయి. జనం తొక్కిసలాడుకుంటారు. పైవాడు వెంటనే గ్యాస్ వదులుతాడు. పైకెళ్తే? ఆవిడ ఒంటరిగా మిగిలిపోతుంది. ఆవిడని వదిలి కదలకూడదనే ఆర్డర్.

"వెళ్ళు," అంది ఇంజనీరమ్మ.

"నేను మీ పక్కనే ఉండాలి అత్తయ్యా."

"ఎందుకో నాకు తెలుసు." ఆమె చెయ్యి అతని జేబులోకి వెళ్ళి పెన్ను బయటికి తీసింది. "ఆ రూల్ రాసింది నేనేరా. ఈ యంత్రం పూర్తయిన రోజున నేనే రాసి, నేనే సంతకం పెట్టాను. క్లిప్ నొక్కాలి, అంతేగా? నా పని నేను చూసుకుంటాను. నువ్వు పిల్లల పని చూడు."

"అత్తయ్యా..."

"వేషం బాగానే కట్టావు. పో!"

సీట్ల కింద నుంచి అతను పాకుతుండగా, వెనక సెక్యూరిటీ ఆఫీసర్ గొంతు వినిపించింది. "మీ మేనల్లుడేడక్కయ్యా? సీటు ఖాళీగా ఉందే?"

"కన్ను మండుతోందట తమ్ముడూ. తలుపు దగ్గర నిలబడ్డాడు."

*

గుమ్మటం వెనక, బయటి కాంక్రీటు గోడకీ లోపలి రేకులకీ మధ్య, ఇరుకైన ఇనుప మెట్లున్నాయి. హాలు గోడకున్న మరమ్మతు తలుపు తాళం మీద కొత్తగా నూనె పూసి ఉంది. తాళం వేయలేదు. మాస్టారి పని. చనిపోయే ముందు ఈ ఒక్క దారీ తెరిచి పెట్టిపోయారు.

మేనల్లుడు బూట్లు విప్పేసి ఎక్కాడు. చల్లటి ఇనుము అరికాళ్ళని కోస్తోంది. పైకెక్కేకొద్దీ రేకుల చిల్లుల్లోంచి కింద హాలు కనిపిస్తోంది. తలెత్తి చూస్తున్న మొహాలు. వాటి మధ్య బైనాక్యులర్స్ ఉన్న ఒక మొహం.

కొనన చిన్న పలక. దాని మీద బూడిదరంగు కోటు మనిషి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొహానికి గ్యాస్ మాస్క్ ఉంది. ఎదురుగా ఆకుపచ్చ సిలిండర్, దాని గొట్టం ఏసీ పైపులో దూర్చి ఉంది. ఒక చెయ్యి వాల్వ్ మీద ఉంది.

దర్జీ.

కింద గుమ్మటం అంచున లేత గులాబీ వెలుతురు పాకింది. తెల్లవారుతోంది. దర్జీ చెయ్యి తిరిగింది. స్స్... మని చప్పుడైంది.

మేనల్లుడు ఎగిరి మీద పడ్డాడు.

ఇద్దరూ పలక మీద దొర్లారు. దర్జీ గొడుగు కొననుంచి సన్నటి సూది మెరిసింది. అది మేనల్లుడి చెవి పక్కగా దూసుకెళ్ళి ఇనుపకమ్మీకి తగిలి ఒంగింది. మేనల్లుడు ఊపిరి బిగబట్టి గొట్టాన్ని పైపులోంచి లాగేశాడు. గ్యాస్ ఇప్పుడు హాలులోకి పోవడం లేదు. అతని మొహం మీదికే వస్తోంది. కళ్ళు మండాయి. తలలో ఎవరో దూది కూరుతున్నట్టుంది.

"నీ కొలతలు కూడా తీసుకుంటాను," అన్నాడు దర్జీ మాస్క్‌లోంచి, మర్యాదగా.

మేనల్లుడు ఊపిరి ఖర్చుపెట్టే స్థితిలో లేడు. రెండు చేతులతో మాస్క్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పట్టీ తెగింది. గొట్టం కొసని దర్జీ మొహానికి ఆనించి అదిమిపట్టాడు. దర్జీ కాళ్ళు ఇనుప పలకని తన్నాయి. తర్వాత తన్నడం ఆగిపోయింది.

వాల్వ్. వాల్వ్ తిప్పాలి. వేళ్ళు జారుతున్నాయి. పళ్ళు బిగించి తిప్పాడు. స్స్ మనే చప్పుడు సన్నబడి ఆగింది. గాలి కావాలి. పైన గోడలో చిన్న కిటికీ ఉంది. భుజంతో పొడిచి తెరిచాడు. చల్లగాలి మొహానికి కొట్టింది. ఎదురుగా అబ్జర్వేటరీ గుమ్మటం, దాని ముందు క్యూ.

చెయ్యి బయటికి చాపి మీట నొక్కాడు. ఈసారి గరగర లేదు.

"మేనల్లుడు! మేనల్లుడు! పడమటి తలుపు!"

"వస్తున్నాం!"

అప్పుడు కిందినుంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది.

చిల్లుల్లోంచి చూశాడు. పడమటి తలుపు తెరిచి ఉంది. స్ట్రెచర్ పట్టుకుని ఇద్దరు మాస్కుల మనుషులు లోపలికి వచ్చారు. వాళ్ళకి దారి చూపిస్తున్నవాడి మొహానికి మాస్క్ ఉంది. మీసాలు మాత్రం దాని అంచుల్లోంచి బయటికొచ్చాయి.

సెక్యూరిటీ ఆఫీసర్.

జనం నిద్రపోలేదని అతను గ్రహించేసరికి ఆలస్యమైంది. పిల్లలు అతన్ని వింతగా చూస్తున్నారు. "మీసాలమామయ్యా, అదేంటి మొహానికి?" అని ఒకడు అడిగాడు. అతను మాస్క్ లాగేసి రివాల్వర్ తీశాడు.

"ఎవరూ కదలొద్దు! అక్కయ్యా, లేవండి."

ఇంజనీరమ్మ లేచింది. పెన్ను మొనని గొంతు కింద ఆనించుకుంది.

"నన్ను అక్కయ్యా అనకు. ఇంకొక్క అడుగు వేశావంటే మీకు దొరికేది నా శవమే. మీ వాళ్ళకి నేను బతికుంటేనే పనికొస్తాను కదా?"

"మీరు నొక్కరు," అన్నాడతను. "ఆ శనిని చూడందే మీరు చావరు. ఎన్నిసార్లు విన్నాను!"

అడుగు వేశాడు.

పైన మేనల్లుడు మెట్ల మీద పడుతూ లేస్తూ దిగుతున్నాడు. "వద్దత్తయ్యా!" అని అరిచాననుకున్నాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇంజనీరమ్మ కళ్ళు మూసుకుని క్లిప్ నొక్కింది.

టిక్.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. టిక్.

సెక్యూరిటీ ఆఫీసర్ పకపకా నవ్వాడు. ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. స్ట్రెచర్ మనుషులు ఆమె కాళ్ళు అందుకున్నారు. ఆవిడ బూటుతో ఒకడి మోకాలి మీద తన్నింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. తలుపు ఇంకా నాలుగు బారల దూరంలో ఉంది. తర్వాత రెండు బారలు.

హాలులో సూర్యుడు పేలాడు.

గుమ్మటం మొత్తం ఒక్కసారిగా తెల్లగా మండింది. ఉన్న దీపాలన్నీ, కృత్రిమ సూర్యుడితో సహా, ఎవరో చివరంటా తిప్పేశారు. ఇంతసేపూ చీకటికి అలవాటుపడ్డ కళ్ళు ఒక్క దెబ్బతో గుడ్డివైపోయాయి. కంట్రోల్ రూమ్‌లోంచి ఒక తుపాకీ శబ్దం వినిపించింది. దానివెనకే మైక్ స్టాండ్ దేనికో గట్టిగా తగిలిన చప్పుడు స్పీకర్లలో మారుమోగింది.

పడమటి తలుపు పైన గుమ్మటం రేకు ఒకటి ఊడిపడింది. దాని వెంటే మేనల్లుడు కూడా ఊడిపడ్డాడు, సరిగ్గా సెక్యూరిటీ ఆఫీసర్ భుజాల మీద. రివాల్వర్ జారి సీట్ల కిందికి పోయింది. కళ్ళు నులుముకుంటున్న మాస్కుల మనుషులు తలుపు తడుముకుంటూ బయటికి పరిగెత్తి, టెలిస్కోప్ క్యూలోంచి పరిగెత్తుకొచ్చిన మనుషుల చేతుల్లో పడ్డారు.

మేనల్లుడు లేవలేకపోయాడు. నేలమీద పడుకునే చుట్టూ తడిమాడు. గరుకు వేళ్ళు అతని వేళ్ళని పట్టుకున్నాయి.

"ఉన్నాను లేరా," అంది ఇంజనీరమ్మ.

*

చీఫ్ వచ్చేసరికి పిల్లలు ఏడుపు మానేశారు. దర్జీని స్ట్రెచర్ మీద దింపుతుంటే గుమ్మం దాకా వెళ్ళి మరీ చూశారు. వాళ్ళు తెచ్చుకున్న స్ట్రెచరే పనికొచ్చింది.

వేగుచుక్క మెట్ల మీద కూర్చుని ఉంది. నీలం సిల్కు భుజం దగ్గర నల్లగా తడిసింది. డాక్టర్ కట్టు కడుతున్నాడు.

"నిన్నంతా నిన్ను నమ్మాలా వద్దా అని చచ్చాను," అన్నాడు మేనల్లుడు.

"నిన్నంతా నాకూ తెలీదు," అంది ఆమె. "వీపుకి తుపాకీ ఆనించి మైకు ముందు కూర్చోబెట్టారు. రెండు వైపులా పని చేయడం అలవాటైపోయింది కదా, ఎటు పోయినా ఒకటేలే అనుకున్నాను. అంతలో అద్దంలోంచి పిల్లలు కనిపించారు. దర్జీ వైపు పిల్లలెవరూ లేరు."

కాస్త అవతల ఇంజనీరమ్మ పెన్నుతో చీఫ్ ఛాతీ మీద పొడుస్తోంది.

"ఇందులో తూటా ఏది?"

"మీ పక్కనుండే ఏజెంట్‌కి ఆర్డర్ ఇవ్వాలని రూల్‌లో రాశారు, ఇచ్చాను," అన్నాడు చీఫ్ నేల చూపులు చూస్తూ. "తూటా పెట్టాలని మీరెక్కడా రాయలేదు మేడమ్."

"నన్ను వాళ్ళు ఎత్తుకుపోయి ఉంటే?"

"అదే ఆలోచిస్తూ రాత్రంతా నిద్రపోలేదు."

ఆవిడ అతన్ని కాసేపు తేరిపార చూసింది. పెన్ను అతని చేతిలో పెట్టి, శాలువా సవరించుకుని, అబ్జర్వేటరీ వైపు నడిచింది. గుమాస్తాలూ భార్యలూ పిల్లలూ ఆవిడ వెనకాలే కదిలారు. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ వద్దనలేదు.

"మేడమ్, కారు సిద్ధంగా ఉంది. వెంటనే కాంపౌండ్‌కి..." చీఫ్ వెంటపడ్డాడు.

"కారుని ఉండమనండి."

టెలిస్కోప్ చిన్న గది ఎత్తున, గుమ్మటం చీలికలోంచి ఆకాశంలోకి చూస్తూ ఉంది. ఇంజనీరమ్మ నిచ్చెన ఎక్కి కన్ను ఆనించింది. చాలాసేపు కదల్లేదు. కింద మేనల్లుడికి ఆవిడ వీపు మాత్రమే కనిపిస్తోంది. ఒకసారి భుజాలు పైకిలేచి కిందికి దిగాయి. చెంగుతో కన్ను తుడుచుకుంది, అద్దాన్ని తుడిచింది, మళ్ళీ కన్ను ఆనించింది.

"ఉందిరా అల్లుడూ," అంది చివరికి. "వలయం. నిజంగానే ఉంది."

చీఫ్ నిచ్చెన కింద నిలబడి గడియారం చూసుకున్నాడు. దగ్గాడు. "మేడమ్, మంత్రిగారు ఫోన్‌లో ఉన్నారు. దేశ భద్రతకి సంబంధించిన విషయం..."

అతని కోటు చివర ఎవరో లాగారు. చూస్తే, టైపిస్టు కూతురు.

"అంకుల్, క్యూలో రండి," అంది ఆ పిల్ల.

దేశ భద్రత వెనక్కి నడిచి, అందరికంటే చివర నిలబడింది.